లాగ్‌బుక్కులో పట్టని గంటలు

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ ఆరేళ్లు ఎన్‌ఎస్‌ఎస్ (పిల్లలతో సమాజసేవ చేయించే నేషనల్ సర్వీస్ స్కీమ్) ప్రోగ్రాం ఆఫీసరుగా ఉన్నాను. కాబట్టి ఈ సేవా గంటల లెక్క మీద ఇక్కడ పెట్టబోయే తిట్లలో సగం నాకే.

1969 సెప్టెంబరు 24న 37 యూనివర్సిటీల్లో 40 వేల మందితో మొదలైంది ఎన్‌ఎస్‌ఎస్. రెండేళ్లలో 240 గంటల పని, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. రెండూ అయితేనే సర్టిఫికెట్. బానే ఉంది. మరి ఏడు రాత్రులు ఏదో ఊరి బడిలో పడుకోడానికి ఎవరు రాగలరు? చాలామంది ఆడపిల్లల్ని ఇంట్లో పంపరు. ఫంక్షన్ హాళ్లలో వడ్డనకెళ్లి ఫీజు కట్టుకునే కుర్రాడికి వారం కూలి పోతుంది. ఏటా వచ్చేవి దాదాపు అవే మొహాలు: టౌన్లో ఇల్లు, చేతిలో బండి ఉన్నవాళ్లు. రానివాళ్లకి సేవాభావం లేదని స్టాఫ్‌రూంలో అన్నది నేనే. ఒకసారి కాదు.

తర్వాత ఆంధ్రాలో డిగ్రీ పిల్లలకి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది. రాత్రి బస లేదు, కాస్త నయం అనుకున్నా. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి. దగ్గరగా ఉంది కదా అని ఒక కుర్రాణ్ని ఎస్సీ కాలనీకి వేశాను. వాడిల్లు అక్కడే. ఫారం పట్టుకుని పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడి "మరుగుదొడ్డి ఉందా?" అని అడిగాడట.

"ఏంరా, నిన్న మా ఇంట్లోనే గదా తిన్నావు, నీకు తెలీదా?" అందట ఆవిడ.

వాడు నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంటే మన లెక్కలో కాలనీ అంటే బయటివాళ్లు వెళ్లి చూసొచ్చే చోటు. అక్కణ్నుంచే ఒకడు మన క్లాసులో కూర్చుంటాడని ఫారం తయారుచేసినవాళ్లకి తట్టలేదు, నాకూ తట్టలేదు.

అసలు ఆ కుర్రాడు ఇంటర్ నుంచీ కాలనీలో పింఛను కాగితాలు రాస్తున్నాడు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతున్నాడు, బ్యాంకు నోటీసులు చదివి చెబుతున్నాడు. దానికి ఒక్క గంటా పడలేదు. ఊడ్చిన రోడ్డు మీదే కొత్త చీపుర్లతో బ్యానరు పట్టుకుని నిలబడ్డ మా బ్యాచ్‌కి నాలుగు గంటలు పడ్డాయి!

క్యాంపులు పగటిపూట పెట్టండి. బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం ఇవ్వండి. పిల్లలు సొంత వీధిలో చేసేది కూడా పనే అని రాసుకోండి. ఇందులో కష్టమేముంది?

ఈ ఏడు వాడి లాగ్‌బుక్కులో నేనే రాయించాను: "వేలిముద్ర పడని నలుగురు ముసలివాళ్లతో సచివాలయానికి, మూడు గంటలు." రిపోర్టు చూసిన పై ఆఫీసరు అడిగింది ఒక్కటే, ఫొటోలు జతచేయలేదేం అని.