సవరణ: ‘యాడమంట్’ తిట్టు కాదు

మొన్నటి పోస్టులో యాడమంట్ (adamant) అనే ఇంగ్లీషు మాటకు మొండి, పెంకి అని ఒక్క ముక్కలో అర్థం ఉంది, దానికి ఈ వివరణ కలిపి చదువుకోండి. అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో, స్కూళ్ల పేరెంట్స్ మీటింగుల్లో పిల్లల్ని "వెరీ యాడమంట్" అనడం మనకు మామూలే, కానీ ఇంగ్లీషువాళ్లు ఆ మాటను ఎక్కువగా మనిషి స్వభావానికి కాకుండా, ఒక విషయంలో అతను గట్టిగా పట్టుకున్న మాటకో నిర్ణయానికో వాడతారు. "షీ వాజ్ యాడమంట్ దట్ షీ వుడ్ నాట్ సెల్ ద హౌస్" అంటే ఇల్లు అమ్మేది లేదని ఆవిడ తెగేసి చెప్పిందని. అందులో నింద లేదు. స్కూల్ ఆటో వచ్చి హారన్ కొడుతున్నా ఒక చెప్పు వేసుకుని రెండోది వేసుకోనని గుమ్మంలో భీష్మించుకు కూర్చున్న పిల్లాడికి స్టబర్న్, అంటే మొండి, అన్న మాట చాలు. అబ్‌స్టినేట్ అనే ఇంకో మాటలో విసుగు పాలు ఇంకాస్త ఎక్కువ, ఎంత చెప్పినా వినడన్న ఫిర్యాదు అది.

యాడమంట్‌కు మూలం గ్రీకు ‘అడమాస్’, అంటే లొంగనిది. డైమండ్ కూడా అందులోంచి వచ్చిందే, కృష్ణ ఒడ్డున కొల్లూరులో తవ్విన వజ్రాలకు బజారైన గోల్కొండ ఉన్న ఊళ్లో యాడమంట్ అన్న మాట పిల్లల మీద తిట్టుగా పడటం నాకు బాధగా ఉంటుంది. టీచర్లూ, రిపోర్టు కార్డులో రాసే ముందు ఒక్కసారి ఆలోచించండి.