నానమ్మ బీరువాలో బెల్టు షాపు

బతుకమ్మ మొదలైన నాటి నుంచి కనుమ వెళ్లేదాకా పిల్లల నోటికి తీపి తగలనివ్వకూడదని హైదరాబాద్‌లో చాలామంది తల్లులు ఏటా కంకణం కట్టుకుంటారు. సంకల్పానికి వంక పెట్టలేం. చిక్కంతా అమలు దగ్గరే. ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో వచ్చింది, 1997లో పోయింది. ఎక్సైజ్ శాఖ, చెక్‌పోస్టులు, పోలీసు జీపులు కలిసి ఆపలేకపోయిన పనిని ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చీటీ చేసిపెడుతుందని నమ్మాలంటే గుండెధైర్యం కావాలి.

ఇంట్లో నిషేధం ప్రకటించిన మర్నాడే బెల్టు షాపు తెరుచుకుంటుంది. అది నానమ్మ బీరువాలో పట్టుచీరల కింది అరలో, కలరా ఉండల వాసన పట్టకుండా మూత బిగించిన స్టీలు డబ్బాలో ఉంటుంది. లైసెన్సు లేదు, బోర్డు లేదు, వేళాపాళా లేదు. ట్యూషన్‌కు వెళ్లేముందు ఒకటి, వచ్చాక ఒకటి, ‘అమ్మకు చెప్పకు’ అన్న షరతు మీద ఇంకొకటి. ఇక అమ్మమ్మగారిల్లు యానాం లాంటిది. అక్కడ మన చట్టం చెల్లదు. తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో పిల్లాడి జేబులు తడిమితే సరుకు దొరకడం ఖాయం, వియ్యపురాళ్ల మధ్య మాటలు ఆగిపోవడమూ ఖాయం.

క్యాలెండర్ కూడా మన పక్షాన లేదు. అటుకుల బతుకమ్మకు బెల్లం అటుకులు, నానబియ్యం బతుకమ్మకు పాలూ బెల్లమూ, వెన్నముద్దల బతుకమ్మకు నువ్వులూ వెన్నా మళ్లీ బెల్లమూ. తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ, ఆ ఒక్క రోజు నైవేద్యం పెట్టరు. అంటే మన పండగల్లో తీపి లేని రోజు కావాలంటే సాక్షాత్తూ అమ్మవారే అలగాలి. మామూలు అమ్మ అలిగితే పిల్లలు నాన్న ఫోన్ తీసి ఐస్‌క్రీమ్ ఆర్డర్ పెడతారు.

ఇంటి తీపి నిషేధ శాఖ మనమే అనుకుని శాఖాపరమైన లెక్కలు కొన్ని చూద్దాం. రోజువారీ కేలరీల్లో చక్కెర వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బెల్లం, తేనె, పండ్లరసం కూడా ఇందులోకే వస్తాయి. రోజుకు 1,600 కేలరీలు తినే పిల్లాడికి 5 శాతమంటే 20 గ్రాములు, అంటే 5 టీస్పూన్లు. సలహా ఎక్కడో జెనీవా నుంచి వచ్చింది, మనకెలా పడుతుందనడానికీ వీల్లేదు. జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి మన తార్నాకలోనే ఉంది. 2024లో అది ఇచ్చిన 17 సూత్రాల్లోనూ తీపి తగ్గించమనే ఉంది. ఆ పుస్తకం చంకన పెట్టుకుని తార్నాకలో బస్సెక్కి కోఠిలో దిగేలోపు ఎన్ని స్వీటు షాపులు దాటామో లెక్కపెట్టుకోవడం వేరే పరీక్ష.

50 గ్రాముల బూందీ లడ్డూ ఒక్కటి తింటే ఆ 20 గ్రాములు అటూ ఇటూగా అయిపోయినట్టే. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 26 గ్రాములు, అంటే రేపటి కోటాలో కొంత అప్పు తీసుకున్నట్టు. ఉస్మానియా బిస్కెట్టును ఎవరూ స్వీటు కింద జమకట్టరు, అది చాయ్ ఖాతా. పాలలో కలిపే బలం పొడి ఆరోగ్య శాఖ ఖాతా. ఖుబానీ కా మీఠా సంగతెత్తితే ‘అది పండేగా’ అంటారు. 2025లో సీబీఎస్ఈ బడుల్లో దేనిలో ఎంత చక్కెరుందో చెప్పే షుగర్ బోర్డులు పెట్టమంది. మంచి పని. ఇప్పుడు పిల్లలు సీసాలో ఎన్ని గ్రాములున్నాయో గడగడా అప్పజెప్పి మరీ తాగగలరు.

తర్వాత వచ్చే మహత్తరమైన ఆలోచన: ఇంట్లోనే చేద్దాం, చక్కెర సగం వేద్దాం. ఇక్కడే వంటింటి ఇంజనీరింగ్ తెలియని సంస్కర్తలు బోల్తా పడతారు. మిఠాయిలో చక్కెర రుచి కోసమే ఉందనుకుంటే పొరపాటు, అది ఇంటికి సిమెంటు లాంటిది. కిలో జీడిపప్పుకు అరకిలో చక్కెర, తీగపాకం పట్టాక పొడి కలిపితే కాజూ కత్లీ ముద్ద దగ్గరపడుతుంది. చక్కెర పావుకిలోకి దించితే అది బిళ్లగా తెగదు, కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలుతుంది. దానికి తోడు జీడిపప్పును మిక్సీలో ఒకే ఊపున తిప్పితే నూనె వదిలి పేస్టవుతుంది, ఆపి ఆపి తిప్పాలి. బూందీకి పాకం తగ్గిస్తే ఉండ కట్టదు, దాన్ని కారప్పూసలో కలిపి మిక్చర్ అనుకోవాల్సిందే. అరిసెల సంగతి మరీ కఠినం. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. లేతగా ఉండగానే పిండి పోస్తే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరిపోతే తాతయ్య కట్టుడు పళ్లకు ప్రమాదం. బెల్లం సగానికి తగ్గించి అరిసెలు వేసిన ఇంట్లో మూకుడు అడుగున మిగిలేది బియ్యప్పిండి జావ.

కాబట్టి పాకం జోలికి పోకుండా కత్తికి పని చెప్పాలి. కత్లీని 8 మిల్లీమీటర్ల మందానికి బదులు 4 మిల్లీమీటర్లకు ఒత్తి, బిళ్ల సైజూ చిన్నది చేస్తే చక్కెర దానంతటదే సగానికి పైగా తగ్గుతుంది, బిళ్ల మాత్రం బిళ్లలాగే ఉంటుంది. లడ్డూ నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత చుట్టాలి. రసగుల్లాను రెండు చెంచాల మధ్య నొక్కి పాకం పిండేయాలి. పిల్లాడికి కావలసింది ‘ఒకటి’. ఆ ఒకటి ఎన్ని గ్రాములో తూచే వయసు ఇంకా రాలేదు, వచ్చేలోపే పని కానిచ్చుకోవాలి.

‘నో షుగర్’ డబ్బాల గురించి రెండు ముక్కలు. ఖర్జూరం లడ్డూలో చక్కెర వేయకపోవచ్చు గానీ ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరే. చక్కెరకు బదులు మాల్టిటాల్ అనే తీపి పదార్థం వేసిన మిఠాయి నాలుగు బిళ్లలు లాగిస్తే కడుపుబ్బరం, ఆపై విరేచనాలు. అప్పుడు దీపావళి వాకిట్లో కాదు, బాత్రూంలో.

ఇన్ని గ్రాములు తూచిన శాఖ అసలు నేరాన్ని వదిలేసింది: ఎన్నిసార్లు. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లో నోట్లో క్రిములు ఆమ్లం తయారుచేస్తాయి. పంటి పైపొర కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే రెండు లడ్డూలు మింగినవాడి పళ్లకు ఒకటే దాడి. అవే రెండు లడ్డూలు తుంచుకుంటూ పొద్దున్నుంచి ఎనిమిది విడతలుగా తింటే ఎనిమిది దాడులు, లాలాజలానికి సెలవే ఉండదు. లాలీపాప్ అయితే అరగంట పాటు ఆపకుండా కొట్టే జడివాన. పల్లీపట్టీ ఆరేళ్లకు వచ్చిన కొత్త దవడపళ్ల గాడుల్లో ఇరుక్కుని రాత్రిదాకా డ్యూటీ చేస్తుంది. ఆ పళ్లు మళ్లీ రావు.

స్వీడన్‌లో విపెహోల్మ్ ఆసుపత్రిలో 1940లలో ఈ సంగతి తేల్చారు. తేల్చిన తీరు సిగ్గుపడాల్సింది. అడిగే దిక్కులేని మానసిక వికలాంగులకు కావాలని జిగురు టాఫీలు తినిపించి పళ్లు పాడుచేశారు. ఆ తర్వాత ఆ దేశంలో శనివారం మాత్రమే మిఠాయి అన్న అలవాటు పాదుకుంది. మనకు శనివారం కుదరదు, ఆ రోజు నానమ్మ ఉపవాసం, ఆమె తినలేని సరుకంతా మనవడికే.

చక్కెర తింటే పిల్లలు కోతులవుతారన్న ఆరోపణను కొట్టివేయాలి. 1994లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. పిల్లలకు చక్కెర ఇవ్వకుండానే ఇచ్చామని తల్లులతో చెబితే, ఆ తల్లులకే తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించారు. దీపావళినాడు పిల్లలు గంతులేస్తే దానికి లడ్డూ కారణం కాదు, చేతిలో ఉన్న కాకరపువ్వొత్తి.

ఇక అసలు సరఫరాదారులు. ‘కోవా స్వీటు, రేపటికి పాడైపోతుంది, తినేయండ్రా’ అన్న మాట కంటే ఎక్కువ చక్కెర లోపలికి పంపిన మాట తెలుగులో మరొకటి లేదు. వచ్చిన డబ్బాను వచ్చిన రోజే విప్పి, నాలుగు బిళ్లలు తీసి మిగతాది డీప్ ఫ్రీజర్‌లో పెడితే కోవా పాడవదు. అది చేయకుండా వాచ్‌మన్ పిల్లలకిచ్చి పుణ్యం మూటగట్టుకుంటారు. 40 ఫ్లాట్ల అపార్టుమెంటులో సగం మందికి ఈ పుణ్యబుద్ధి పుడితే సెల్లార్‌లో ఒక్కరోజే 20 డబ్బాలు. వాళ్లకూ దవడపళ్లు ఆరేళ్లకే వస్తాయి.

పూర్తిగా నిషేధిస్తే ఏమవుతుందో 1999లో అచ్చయిన పరిశోధన చెప్పేసింది. కళ్లెదుట పెట్టి ఇవ్వకుండా ఆపిన తినుబండారం గురించే పిల్లలు ఎక్కువ మాట్లాడారు, ఆంక్ష ఎత్తేయగానే దాన్నే ఎక్కువ తీసుకున్నారు. అందువల్ల ఈ శాఖ బెల్టు షాపును మూయించడం మాని లైసెన్సు ఇవ్వాలని సిఫార్సు చేస్తోంది. యజమాని నానమ్మ. పనివేళలు మధ్యాహ్నం భోజనం అయ్యాక పావుగంట. మనిషికి ఒక్క బిళ్ల, అక్కడే కూర్చుని తినాలి, పార్శిల్ లేదు. మీద ఒక గ్లాసు మంచినీళ్లు తప్పనిసరి. ఎమ్మార్పీ ఒక ముద్దు, అంతకుమించి వసూలు చేస్తే అమ్మకు ఫిర్యాదు చేసుకోవచ్చు.

తాతయ్యకు షుగర్ కాబట్టి కౌంటర్ దరిదాపులకు రాకూడదు. ఏడేళ్ల మనవడొచ్చి ‘నాది తినేశా, ఇంకోటి నాకు కాదు, నిజంగా’ అంటే మాత్రం సరుకు ఇవ్వకుండా, వాడి వెనకాల తలుపు సందులోంచి కనిపించే పంచె ఎవరిదో ముందు చూడాలి.