నమూనా ముక్క అల్లాలా, నేరుగా మొదలుపెట్టాలా?

వాదానికి తీసుకున్న పని ఇది. టొరంటోలో చదువుకుంటున్న కుర్రాడికి చేత్తో స్వెటర్ అల్లాలి. మెడ దగ్గర మొదలై, ఎక్కడా అతుకు లేకుండా, గుండ్రంగా కిందికి దిగే రాగ్లన్ స్వెటర్, అంటే మెడ నుంచి చంకల దాకా నాలుగు ఏటవాలు గీతలుంటాయి. పూర్తయ్యాక ఛాతీ చుట్టుకొలత 104 సెం.మీ. ఉండాలి. ప్యాటర్న్ లెక్క ప్రకారం 10 సెం.మీ.కి 20 కుట్లు, 28 వరసలు రావాలి. ముందుగా నమూనా ముక్క అల్లి, ఉతికి, కొలిచి తీరాలంటుంది వదిన, కుర్రాడి తల్లి. అక్కర్లేదంటుంది మరదలు, వాడి మేనత్త.

మరదలు: వదినా, ఊలు వచ్చింది, సూదులున్నాయి. మెడకి 84 కుట్లు వేసుకుని కూర్చుంటే ఈ వారంలోనే భుజాల దాకా దిగుతుంది. ఊలు బంతి చీటీ మీద 4.5 మి.మీ. సూదితో 20 కుట్లని ఉంది, ప్యాటర్న్‌లోనూ అదే ఉంది. రెండూ కలిశాక ఇంకా ముక్క దేనికి?

వదిన: చీటీ మీద ఉన్నది ఎవరి చేతి లెక్క? నీది కాదు. ఊలుని వేలికి రెండుసార్లు చుట్టి పట్టేవాళ్ళకి ఒకలా వస్తుంది, వదులుగా వదిలేవాళ్ళకి ఇంకోలా వస్తుంది. శరీరం భాగానికి 208 కుట్లు పెట్టుకున్నాం. నీ చేతికి 10 సెం.మీ.లో 20కి బదులు 19 వస్తే అది 109.5 సెం.మీ. అవుతుంది. 22 వస్తే 94.5. ఒకటేమో వాడి ఒంటిమీద వేలాడుతుంది, రెండోది ఛాతీ దాటి దిగదు. సగం కుట్టు తేడా వచ్చినా రెండున్నర సెంటీమీటర్లు అటో ఇటో పోతుంది.

ఇంకోటి, నీ దగ్గరున్నది 4.5 సూదేనని ఎలా తెలుసు?

మరదలు: మీద 8 అని ఉంది కదా.

వదిన: అదే చూసుకోవాలి. మన షాపుల్లో అమ్మే సూదుల మీద సాధారణంగా పాత బ్రిటిష్ నంబర్లుంటాయి, వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఆ లెక్కన 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25. అమెరికా లెక్క దీనికి ఎదురు, నంబరు పెరిగితే లావవుతుంది. వాళ్ళ 8 అంటే 5 మి.మీ. ప్యాటర్న్ అమెరికా వాళ్ళదై, సూది మన షాపుదైతే నంబరు చూసి కొంటే పూర్తి ఒక మిల్లీమీటరు తేడా పడుతుంది. నంబరు వదిలేసి మి.మీ. కొలతే నమ్మాలి. సూది కొలిచే చిల్లుల పలక ఒకటి దగ్గరుంచుకో.

మరదలు: సూది సంగతి ఒప్పుకుంటాను, పలకలో దూర్చి చూస్తాను. కానీ పై నుంచి కిందికి అల్లే స్వెటర్‌లో ఉన్న సుఖమే వేరు వదినా. భుజాల భాగమే నా నమూనా ముక్క. నాలుగు వేళ్ళ మందం దిగాక స్కేలు పెట్టి కొలుస్తాను. తేడా ఉంటే అక్కడే విప్పేస్తాను. సరిపోతే నా పని ముందుకి సాగినట్టే. మీ ముక్క ఎంత బాగా వచ్చినా చివరికి డబ్బాలోకే పోతుంది.

వదిన: నాలుగు వేళ్ళ మందంలో ఏం కొలుస్తావు? కుట్లన్నీ సూది రెండు కొనల్నీ కలిపే తీగ మీద కుంచించుకుని ఉంటాయి. నాలుగు చోట్ల రాగ్లన్ గీతల పక్కన కుట్లు పెరుగుతూ ఉంటాయి, వాటి చుట్టూ బట్ట లాగినట్టుంటుంది. పెంపు లేని సాదా చోటు 10 సెం.మీ. దొరికేసరికి సగం దిగిపోతావు. భుజాల భాగం మొత్తం ఎన్ని కుట్లో లెక్కవెయ్యి. రెండు మూడు చుట్లకోసారి 8 కుట్ల చొప్పున 25 సార్లు పెంచితే 84 కాస్తా 284 అవుతాయి. 67 చుట్లు. పన్నెండు వేల పైచిలుకు కుట్లు. నేనడిగే ముక్క 30 కుట్లు, 42 వరసలు, అంటే 1260. ఎక్కడ తప్పు తెలిస్తే నష్టం తక్కువో నువ్వే చెప్పు.

పైగా అది ఉతకని బట్ట. ఉతికాక ఏమవుతుందో సూది మీద ఉన్నప్పుడు తెలియదు.

మరదలు: సరే, మీ ముక్కనే పరీక్షిద్దాం. 1260 కుట్లని మీరెలా అల్లుతారు? రెండు సూదుల మీద అటూ ఇటూ తిప్పుతూ, ఒక వరస నిట్, అంటే సూటి కుట్టు, ఒక వరస పర్ల్, అంటే తిరగేసిన కుట్టు. స్వెటర్ మాత్రం గుండ్రంగా వెళ్తుంది, అందులో పర్ల్ వరసే లేదు. చాలామందికి పర్ల్ వదులుగా పడుతుంది. బట్ట వెనక్కి తిప్పి చూస్తే రెండేసి వరసల మధ్య సందులు గీతల్లా కనిపిస్తాయి. అలాంటి చేతితో అల్లిన ముక్క 19 చెబితే, అదే చేయి గుండ్రంగా అల్లినప్పుడు 20 రావచ్చు. అంటే కొలిచింది ఒక బట్టని, వేసుకునేది ఇంకో బట్టని. దానికన్నా కొలవకపోవడం నయం కదా?

వదిన: ఇది మంచి మాట. ముక్క అల్లినవాళ్ళు కూడా మోసపోయేది ఇక్కడే. దీనికి దారి ఉంది. తీగ సూది మీద నిట్ వరస అయ్యాక బట్టని తిప్పకు. కుట్లని సూది రెండో కొనకి జరుపు, ఊలుని వెనకనుంచి వదులుగా వెడల్పంతా తీసుకొచ్చి మళ్ళీ నిట్ వరసే అల్లు. వెనక నిచ్చెన మెట్లలా ఊలు పోగులు వేలాడతాయి. ఆ పోగులు బిగిస్తే ముక్క ముడుచుకుంటుంది, కాబట్టి వదులుగానే ఉంచి ఉతికాక మధ్యలో కత్తిరించేయాలి. అంచుల్లో మూడేసి కుట్లు వదిలేసి మధ్యలో కొలవాలి.

కొలిచేటప్పుడు కుట్టు టేపు వద్దు, వాడగా వాడగా అది సాగుతుంది. గట్టి స్కేలు తీసుకో. ముక్కని బల్ల మీద వదిలేసి, చేత్తో సాగదీయకుండా కొలువు. మనకి కావాల్సిన అంకె కోసం చెయ్యి తెలియకుండానే లాగేస్తుంది, ఆ సంగతి గుర్తుపెట్టుకో.

మరదలు: అల్లి, పోగులు కత్తిరించి పారేయడమేనా! అంత ఊలు దండగ.

వదిన: దండగ కాదు, ఆ ముక్కని వంటింటి తూకం మీద పెట్టు. 15 సెం.మీ. చదరం, అంటే 225 చదరపు సెం.మీ. ఈ మందం ఊలుకి పది గ్రాములు తూగిందనుకో. శరీరం 104 వెడల్పు, చంక కింద 40 పొడవు, అంటే 4160. రెండు చేతులూ కలిపి సుమారు 2700. భుజాల భాగం ఇంకో రెండు వేలు. మొత్తం తొమ్మిది వేల లోపు, దానికి నాలుగు వందల గ్రాములు. పది శాతం ఎక్కువ వేసుకుంటే 440. నువ్వు వంద గ్రాముల బంతులు నాలుగే తెచ్చావు. రెండో చెయ్యి మోచేతి దగ్గర ఊలు అయిపోతే, అదే లాట్ నంబరు, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలు, షాపులో దొరక్కపోతే, ఆ చెయ్యి ఒక ఛాయ తేడాగా మిగిలిపోతుంది. తూకం వేసిన ముక్క ఆ సంగతి ముందే చెబుతుంది.

మరదలు: ఐదో బంతి రేపే తెస్తాను. కానీ నా అసలు పట్టు వేరే ఉంది. ముక్క చిన్నది, బరువుండదు. స్వెటర్ నాలుగు వందల గ్రాములు. తొడుక్కుంటే ఆ బరువంతా భుజాల మీద వేలాడి నిలువునా సాగుతుంది, కాటన్‌లో మరీ ఎక్కువ. బల్ల మీద పెట్టి కొలిచిన ముక్కకి ఆ సంగతి తెలియనే తెలియదు. ఇంకా, అందరూ కుట్లు లెక్కపెట్టుకుని మురిసిపోతారు, వరసలు ఎవరూ చూడరు. 20 కుట్లు సరిగ్గా వచ్చి, వరసలు 28కి బదులు 31 వస్తే? భుజాల భాగం 67 చుట్లు 24 సెం.మీ. దిగాల్సింది 21.6 దగ్గరే ఆగుతుంది. చంక పట్టేస్తుంది. ముక్క అల్లినవాళ్ళ స్వెటర్లు కూడా చంకలో పట్టేసేది ఇందుకే. నేను పై నుంచి అల్లుతూ పోతే లోతు కొలుచుకుంటూ, కావాల్సినన్ని సాదా చుట్లు మధ్యమధ్య వేసుకుంటూ వెళ్తాను.

వదిన: వరసల మాట నిజం, అది నీకే వదిలేస్తున్నాను. వెడల్పు సరిపోతే లోతుని చుట్లతో సర్దుకోవచ్చు, పై నుంచి అల్లడంలో ఉన్న లాభమదే. సాగుడుకైతే ముక్క కింది అంచుకి రెండు బట్టల క్లిప్పులు పెట్టి ఒక రాత్రి గోడకి వేలాడదీస్తే ఎటు పోతుందో తెలుస్తుంది. పూర్తి బరువు కాకపోయినా దారి తెలుస్తుంది.

కానీ లోతు కొలుచుకుంటూ వెళ్తానన్నావు. ఎవరి ఒంటి మీద? వాడు టొరంటోలో ఉన్నాడు.

మరదలు: వాడి దగ్గర సరిగ్గా పట్టే స్వెట్‌షర్ట్ కొలతలు తెప్పిస్తాను. అయినా ఇందాకటి నుంచి నా మనసులో ఉన్నది చెబుతాను వదినా, వినండి. చదునైన ముక్కా వద్దు, నేరుగా మెడా వద్దు. టోపీ అల్లుతాను.

ఎలిజబెత్ జిమ్మర్మన్ అల్లిక నేర్పినవాళ్ళలో పెద్ద పేరు. టోపీనే నమూనా ముక్కగా వాడుకోమని చెప్పిందావిడ. అల్లేది గుండ్రంగానే కాబట్టి పర్ల్ గొడవ లేదు. వాడి తల 56 సెం.మీ. ఉంటుంది, టోపీ ఐదారు సెం.మీ. తక్కువుంటేనే పట్టుకుంటుంది. అంటే 50 సెం.మీ., సరిగ్గా 100 కుట్లు. కింద 5 సెం.మీ. రిబ్, అంటే సాగే పట్టీ, ఆ పైన 14 సెం.మీ. సాదా నిట్, తర్వాత నడినెత్తి తగ్గింపు. ఆ 14 సెం.మీ. చోటులో మీరు ఎక్కడైనా కొలవచ్చు, కుట్లూ వరసలూ రెండూ. యాభై, అరవై గ్రాములు పడుతుంది. పొరపాటు వచ్చినా టొరంటో చలిలో టోపీ పనికిరాకుండా పోదు.

వదిన: ఇది ఒప్పుకుంటాను. కానీ షరతులున్నాయి. స్వెటర్‌కి ఏ సూది వాడతావో టోపీకీ అదే వాడాలి. తీగ పొడవు తేడా ఉండచ్చు, టోపీకి 40 సెం.మీ., ఒంటికి 80. కొన మాత్రం ఒకే రకం కావాలి. లోహం సూది మీద కుట్టు జారుతుంది, వెదురు మీద పట్టి ఉంటుంది. టోపీ వెదురుతో అల్లి స్వెటర్ స్టీలుతో అల్లితే నీ కొలత చెల్లదు. కొలత కోసం రిబ్ ముట్టుకోకు. యాభై అరవై గ్రాములంటే బంతుల లెక్క మళ్ళీ వెయ్యాలి, ఐదు కాదు, ఆరు తేవాలి.

ఇక అన్నిటికన్నా పెద్ద షరతు ఉతకడం. వాడు దాన్ని చేత్తో ఉతుకుతాడనుకోకు. మెషీన్‌లో వేసి, డ్రయర్‌లో తిప్పుతాడు. టోపీని కూడా అలాగే ఉతకాలి. ఉతకకముందు ఒక కొలత, ఉతికి ఆరాక ఒక కొలత, రెండూ రాసుకో.

మరదలు: ఊలు బట్టి కదా అది? మనం తెచ్చింది సూపర్‌వాష్, మెషీన్‌లో ఉతకగలిగే ఊలు.

వదిన: అందుకే ఇంకా జాగ్రత్త. మామూలు ఊలైతే వెంట్రుక మీది పొలుసులు వేడికీ రాపిడికీ ఒకదానికొకటి పెనవేసుకుని గట్టి కంబళి ముక్కలా కుంచించుకుపోతుంది, ఇక విప్పలేం. సూపర్‌వాష్‌లో ఆ పొలుసుల మీద పూత వేస్తారు, లేదా వాటిని తీసేస్తారు. కుంచించుకోదు, కానీ తడిస్తే పట్టు వదిలేసి పొడవుగా సాగుతుంది. పరిచి ఆరేస్తే అలాగే ఉండిపోతుంది, డ్రయర్‌లో కాసేపు తిప్పితే చాలావరకు వెనక్కి వస్తుంది. వాడు ఎలా ఆరేస్తాడో అడిగి తెలుసుకుని టోపీనీ అలాగే ఆరేయాలి. అదే అక్రిలిక్ అయితే నీళ్ళతో పెద్దగా మారదు, వేడితోనే చిక్కు. ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే మెత్తబడి చచ్చుబడుతుంది, మళ్ళీ తిరిగి రాదు.

మరదలు: సరే. ఉతికాక 19 వచ్చిందనుకోండి. మీరు వెంటనే 4 మి.మీ. సూదికి మారమంటారు. నేను మారను. బట్ట చేతికి బాగుంటే, మెత్తగా ఒంటిమీద పడుతుంటే, ప్యాటర్న్ అంకెలే మారుస్తాను. 104కి 1.9 చొప్పున 198 కుట్లు. జిమ్మర్మన్ లెక్కలో మెడ దానికి నలభై శాతం, అంటే 79, సరి చేస్తే 80. మణికట్టు ఇరవై శాతం, 40. పై చెయ్యి మూడో వంతు, 66. ప్యాటర్న్ రాసినావిడ చేతిని నా చేతికి తొడగడం దేనికి?

వదిన: లెక్క సరే, కానీ 19 అంటే బట్ట కొంచెం పలచన. ఆ ఊళ్ళో గాలి అందులోంచి దూరుతుంది. టోపీని వెలుతురుకి ఎత్తి చూడు. కుట్ల మధ్య వెలుగు చుక్కలు కనిపిస్తే సన్న సూదికి దిగాల్సిందే, అంకెలు ఎంత బాగా కుదిరినా. కనిపించకపోతే నీ 198 నీ ఇష్టం.

మరదలు: కోటు లోపల వేసుకునే స్వెటర్‌కి గాలి ఏం చేస్తుంది వదినా? బిగుతుగా అల్లితే పలకలా నిలబడుతుంది, చేతులు మడవలేడు. వెలుతురులో చూస్తాను, కానీ గుప్పిట్లో నలిపి కూడా చూస్తాను. దీనిమీద మళ్ళీ మాట్లాడుకుందాం.

వదిన: మాట్లాడుకుందాం. ముందు 100 కుట్లు వేసుకో. గుండ్రంగా కలిపేముందు అంచు మెలిక పడిందేమో చూడు. మెలిక పడితే ఒక్క చుట్టు లోపలే సరిచెయ్యగలం, తర్వాత విప్పడమే. అనుమానముంటే రిబ్‌లో మొదటి వరస చదునుగా అల్లి, రెండో వరసలో కలుపు, ఆ చిన్న సందుని చివర మిగిలిన ఊలు కొసతో కుట్టేయొచ్చు.

మరదలు: టోపీ ఉతికి ఆరేదాకా నేను ఖాళీగా కూర్చోవాలా?

వదిన: ఆ లోపు బంతుల చీటీల మీద లాట్ నంబర్లు కలిపి చూడు. రేపు తెచ్చేవి వేరే లాట్‌వి దొరికితే వాటిని చివరికి దాచకు. ఒంటి భాగంలో రెండు లాట్ల బంతులూ పక్కపక్కన పెట్టుకుని, దీనితో రెండు చుట్లు, దానితో రెండు చుట్లు అల్లుతూ పో. ఛాయ తేడా కలిసిపోతుంది, ఎక్కడ మారిందో కంటికి దొరకదు. మార్చే చోట ఊలు బిగించకు.