పిల్లలు నిద్రపోవడం లేదు

తాగొచ్చి భార్యను కొట్టే ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: 'పిల్లలు పడుకున్నారు, వాళ్లకేం తెలుసు?' వాళ్లకు అన్నీ తెలుసు. గేటు తీసిన చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో నాలుగేళ్ల పిల్ల పసిగడుతుంది. దుప్పటి ముసుగులో ఊపిరి బిగబట్టి ప్రతి మాటా వింటుంది. పొద్దున్నే పక్క తడిపినందుకు మళ్లీ తిట్లు తింటుంది. మాటలు రాని చంటిబిడ్డ సైతం అరుపులకు ఉలిక్కిపడుతుంది, నిద్రలో వెక్కుతుంది.

ఆ భయం అక్కడితో పోదు. 1995-97 మధ్య అమెరికాలో 17 వేల మందికి పైగా పెద్దలను వారి బాల్యం గురించి అడిగారు. ఇంట్లో తాగుడు, తల్లిపై దాడి వంటి చేదు అనుభవాలు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక గుండె జబ్బులు, డిప్రెషన్, వ్యసనాల ముప్పు అంత ఎక్కువగా కనిపించింది.

'మత్తులో చేశాడు, మనిషి మంచోడే' అనే సర్దుబాటును మేము ఒప్పుకోం. మద్యం విచక్షణను చంపుతుంది, దెబ్బల తీవ్రతను పెంచుతుంది, నిజమే. కానీ ఎంత తాగినా పై అధికారి మీద చెయ్యెత్తనివాడు ఇంట్లో ఎత్తుతున్నాడంటే, ఎవరిని కొడితే చెల్లుతుందో అతనికి బాగా తెలుసు. అందుకే మందు మాన్పిస్తే హింస దానంతటదే ఆగుతుందనుకోలేం. వ్యసనానికి వైద్యం చేయించాలి (ఏళ్లుగా విపరీతంగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు కాబట్టి డాక్టర్ పర్యవేక్షణలోనే). కొట్టినందుకు విడిగా జవాబు చెప్పించాలి. తాగి కొట్టేది తల్లి అయినా ఇదే మాట.

వ్యసనానికి చికిత్స చేసే ప్రతిచోటా రోజుకెంత తాగుతారనే ప్రశ్నతో పాటు, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, వాళ్లు క్షేమమేనా అని కూడా అడగాలి. భార్యను భర్త ఎదుట కాకుండా ఒంటరిగా అడగాలి, లేకపోతే ఆమె నోరు విప్పదు. క్లాసులో కునికిపాట్లు పడే పిల్లాడిని టీచర్ కోప్పడే ముందు, రాత్రి నిద్రపోయావా అని ఆరా తీయాలి. పిల్లల్ని అన్ని రకాల హింస నుంచి కాపాడాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 19వ అధికరణం ప్రభుత్వాలకు బాధ్యత పెట్టింది.

ఇక తల్లిని 'ఎందుకు వదిలి రావు?' అని నిలదీసేవారు ఒకటి తెలుసుకోవాలి. ఆమె వెళ్లిపోతోందని తెలిసినప్పుడే దాడి ప్రాణాంతకమయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది. కాబట్టి పిల్లలతో సహా ఆమెను ఆ రాత్రికి రాత్రే చేర్చుకునే ఆశ్రయం, అక్కడికి క్షేమంగా చేర్చే పోలీసులు ముందు సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాతే ఆమెను ప్రశ్నించండి.