ఎంబీల పరువు, పిక్సెళ్ళ కరువు

పెళ్ళి ఎంత ఘనంగా జరిగిందో తెలుసుకోవడానికి ఒకప్పుడు కోనసీమలో ఎన్ని విస్తళ్ళు లేచాయని అడిగేవారు. ఇప్పుడు ఎన్ని జీబీలు వచ్చాయని అడుగుతున్నారు. మగపెళ్ళివారి హార్డ్ డిస్కు ఒక టీబీ అని తెలిసిన దగ్గర్నుంచి ఆడపెళ్ళివారికి అన్నం సహించడం లేదు. ఆ డిస్కులో ఏముందో ఇరుపక్షాల్లో ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. బీరువాలో పట్టుచీరల అడుగున, బ్యాంకు నుంచి విడిపించుకొచ్చిన నగల పక్కన అది క్షేమంగా ఉంది. డెల్టా ప్రజల పరువుతో ముడిపడిన వ్యవహారం కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవడం భావ్యం కాదు.

విచారించగా తేలిందేమిటంటే, తగ్గించాల్సిన చోట మనం మోస్తున్నాం, మొయ్యాల్సిన చోట తెగ్గోస్తున్నాం. ఎవరూ చూడని నాలుగు వేల ఫొటోలు ఒక్కోటి పదిహేను ఎంబీల చొప్పున బీరువాలో ఉంటాయి. ఆల్బమ్‌లో పేజీ నిండా వెయ్యాల్సిన ఆ ఒక్క ఫొటో మాత్రం వాట్సాప్‌లో వస్తుంది. అదీ పెదనాన్నగారు స్క్రీన్‌షాట్ తీసి పంపినది. పైన టైము, చార్జింగ్ 14 శాతం అన్న గుర్తు కూడా ఉంటాయి, శుభలేఖలో ముహూర్తం వేసినంత స్పష్టంగా.

నిజానికి ప్రింటుకు ఎంబీలతో పేచీ లేదు. చేత్తో పట్టుకుని చూసే ఫొటోకు అంగుళానికి 300 చుక్కలుంటే చాలన్నది ప్రింటింగు వాళ్ళు ఎప్పటినుంచో పాటిస్తున్న లెక్క. నాలుగు బై ఆరు అంగుళాల సైజుకు 1200 బై 1800 పిక్సెళ్ళు, అంటే బొమ్మలోని చుక్కలు, సరిపోతాయి. మొత్తం కలిపి ఇరవై రెండు లక్షలు కూడా కావు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా ఇచ్చే 6000 బై 4000 బొమ్మను ఆ కొలతకు దింపితే పిక్సెళ్ళు పదకొండో వంతుకు పడిపోతాయి, ప్రింటులో తేడా పట్టుకోగలిగిన మొనగాడు ఇంతవరకు ఎదురుపడలేదు. అదే పెళ్ళి ఆల్బమ్‌లో పన్నెండు బై పద్దెనిమిది పేజీ అయితే 3600 బై 5400 కావాలి. అక్కడ పిసినారితనం పనికిరాదు.

మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటో పొడవును దాదాపు 1600 పిక్సెళ్ళకు కుదిస్తుంది. ఆ లెక్కన అయిదంగుళాల చిల్లర దాటితే నాణ్యత జారడం మొదలు. 2023లో హెచ్‌డీ అని ఒక మీట పెట్టారు, కాస్త నయం. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ముట్టుకోదు. ఈ సంగతి తెలిసినవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. వాడి మాట ఆ ఇంట్లో ఎవరూ వినరు.

అందుకే స్టూడియోలో ఈ సంభాషణ రోజూ నడుస్తుంది.

"క్వాలిటీ రాదండి బాబాయ్‌గారూ."

"ఎందుకు రాదురా, ఫోన్లో నిగనిగలాడుతుంటేను?"

"ఫోను ఆరంగుళాలండి. మీరడిగేది పన్నెండు బై పద్దెనిమిదండి."

"అయితే డీపీఐ పెంచు. మా అల్లుడు చెప్పాడు, 300 పెట్టాలంట."

కుర్రాడు మారు మాట్లాడకుండా 72 ఉన్న గడిలో 300 అని కొడతాడు. బాబాయ్‌గారు కళ్ళజోడు సర్దుకుని, "ఇప్పుడు చూడు, ఎంత తేరుకుందో" అంటారు. ఆ డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న అంకె, బొమ్మను ఎంత సైజులో వెయ్యాలో ఫైలు మీద రాసిపెట్టుకున్న గుర్తు మాత్రమే. దాన్ని మార్చినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా పుట్టదు. అయినా బాబాయ్‌గారికి తృప్తి పుట్టింది, బిల్లు కట్టేది ఆయనే.

ఇక జేపెగ్. ఫొటో ఫైళ్ళను కుదించడానికి 1992లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి చేసే పని కొబ్బరి మార్కెట్ ఉన్న అంబాజీపేటలో అందరికీ తెలుసు, కాకపోతే ఫొటోల మీద చేస్తుందని తెలియదు. లారీకి ఎత్తేముందు కొబ్బరికాయ పీచు వలిచినట్టే, ఇది బొమ్మను ఎనిమిది బై ఎనిమిది పిక్సెళ్ళ గళ్ళుగా విడదీసి కన్ను పట్టించుకోనిది వలిచేస్తుంది. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంతగా రంగుల తేడాను పట్టదు కాబట్టి ముందు వేటు రంగు వివరాల మీద పడుతుంది. దేవుడి కాయకు పిలక ఉంచుతారు చూడండి, ఫొటోషాప్‌లో 12 దాకా ఉన్న నాణ్యత మెట్లలో 9, 10 దగ్గర ఆగడం అలాంటిది. 12 దగ్గరే ఉంటానంటే పీచుతో సహా మొయ్యండి, ఎవరొద్దన్నారు? 3కి దింపితే మాత్రం కత్తి కాయలోకి దిగుతుంది. పైగా తెరిచి ఏదో మార్చి మళ్ళీ జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ వలిచినదాన్నే ఇంకోసారి వలుస్తున్నట్టు. ముందు సైజు కుదించి, దిద్దుబాట్లన్నీ అయ్యాక ఒక్కసారే సేవ్ చెయ్యాలని స్టూడియో వాళ్ళకు తెలుసు. అడిగేవాళ్ళు లేరు.

బరువును బట్టి ఫొటో మంచిచెడ్డలు తేల్చే పెద్దలకు ఒక విన్నపం. కోటిపల్లి రేవులో పొద్దున్నే నిద్రలో ఉన్న గోదావరినీ, వెనక్కి తిరిగి కొబ్బరితోటనూ ఒకే కెమెరాతో తియ్యండి. తోట ఫైలు చాలా బరువుగా వస్తుంది. ఆకు ఆకూ ఒక వివరం కదా, నీళ్ళల్లో అన్ని లేవు. అంతమాత్రాన గోదావరి తక్కువ క్వాలిటీ అని డిలీట్ చెయ్యకండి. నరసాపురం లేసు ఫొటోలు తీసేవాళ్ళు మాత్రం తోట పక్షం వహించాలి. అతిగా కుదిస్తే ముందు పోయేది లేసులోని కన్నాలే, అవి పోయాక మిగిలేది దుప్పటి.

ప్రభుత్వం జోక్యం చేసుకోవాలని ఇందుమూలంగా కోరుతున్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి ఏ కాలవకు ఎంత నీరో లెక్కగా వదిలిన ప్రాంతం మనది. పిక్సెళ్ళకు మాత్రం తూము లేకపోవడం ఏమిటి? కాలవ తూముల దగ్గర నీళ్ళు వదిలే లస్కర్ ఉన్నట్టే, ప్రతి స్టూడియోకు, ఫ్లెక్సీ షాపుకు ఒక పిక్సెల్ లస్కర్‌ను వెయ్యాలి. ఎంత సైజులో వేస్తారు, ఎంత దూరం నుంచి చూస్తారు అని రెండు ప్రశ్నలడిగి, జవాబును బట్టి అతను తలుపు ఎత్తుతాడు. శివారు ఫొటోలకు కూడా అందేలా చూస్తాడు.

నెట్ సెంటర్ దగ్గర అతనికి మొదటి తగాదా ఖాయం. బ్యాంకు పరీక్ష దరఖాస్తుకు ఫొటో 20 నుంచి 50 కేబీల మధ్య, 200 బై 230 పిక్సెళ్ళు ఉండాలంటారు. సంతకం 10 నుంచి 20 కేబీలు. కంప్యూటర్ తెర మీద చూసుకోవడానికి అది చాలు, ప్రింటులో ముప్పావంగుళం వెడల్పు కూడా రాదు. సెంటరు అబ్బాయి, దరఖాస్తు పెట్టడానికి వచ్చిన ఒక అమ్మాయి ఫొటోను కుదించగా కుదించగా 18 కేబీలైంది, సైటు తీసుకోలేదు. పెంచితే 53, అదీ తీసుకోలేదు. చివరికి 38 దగ్గర పచ్చ టిక్కు వచ్చింది. ఆ ఆనందంలో దాన్ని అసలు ఫొటో పేరుతోనే, అసలు ఫొటో మీదే సేవ్ చేశాడు.

ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఊరి మొదట్లో, కాలవ గట్టున, పది అడుగుల వెడల్పు ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీ వేయిద్దామన్నారు. అంగుళానికి 300 ఉండాల్సిందేనని బాబాయ్‌గారి పట్టు. అంటే 36,000 బై 28,800, నూట మూడు కోట్ల పిక్సెళ్ళు. నాలుగు రంగుల ప్రింటుకు సిద్ధం చేసి కుదించకుండా వదిలితే నాలుగు జీబీలు దాటుతుంది, షాపు కంప్యూటర్‌కు టెన్షన్ పుడుతుంది. ఇరవై అడుగుల అవతల నుంచి, అదీ బండి మీద పోతూ చూసే బొమ్మకు అంగుళానికి 50 చాలు, 6000 బై 4800.

ఉద్యోగం అమ్మాయిది గనక ఆమె ముఖం మూలన రెండడుగులు. ఉన్నది ఆ 38 కేబీలే. సాగదీస్తే కనుబొమలు మెట్లుమెట్లుగా వచ్చాయి, చెవిపోగు ఎక్కడ ఆగి చెంప ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఏఐలో పెట్టి బాగుచేశారు. చక్కగానే వచ్చింది గాని, ఆ పిల్ల వేరే ఎవరో. నడుమ నాయకుడి నిలువెత్తు బొమ్మ ఆరడుగులు, దానికి నిలువునా 3,600 పిక్సెళ్ళు కావాలి. గూగుల్‌లో వెతికి దించిన చిన్న బొమ్మతో సరిపెట్టారు.

అడుగున శుభాకాంక్షలు తెలిపేవారి వరుస. తలకు ఎనిమిదంగుళాలు, అంటే 400 పిక్సెళ్ళు. వాట్సాప్‌లో వచ్చిన పాస్‌పోర్టు ఫొటోయే వాళ్ళకు ఎక్కువ. అయినా షాపు ముందు పెన్‌డ్రైవులు పట్టుకుని నిలబడ్డది వాళ్ళే.

"నాది కెమెరా ఒరిజినల్, ఇరవై ఎంబీలు. తగ్గించావంటే ఊరుకోను."

"ఆయ్, ముట్టుకోనండి" అంటూ షాపు కుర్రాడు దాన్ని 400కు దించి వరుసలో పెట్టి, తర్వాతి పెన్‌డ్రైవు కోసం చెయ్యి చాపాడు.