420 గ్రేడ్‌కు 480 డిగ్రీల టెంపరింగ్ వద్దు

కత్తుల ఉక్కును వేడితో గట్టిపరచడంపై మీ వ్యాసంలో చాలా భాగం బాగుంది. కానీ 420 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు కత్తులను గట్టిపరిచాక 480 డిగ్రీల సెల్సియస్ దగ్గర టెంపర్ చేయమన్న (అంటే పెళుసుదనం తగ్గడానికి మళ్లీ మితంగా వేడిచేయమన్న) సలహాను దయచేసి మార్చండి. ఈ జాతి ఉక్కుకు సుమారు 425 నుంచి 565 డిగ్రీల వరకు తప్పించుకోవాల్సిన మేర. అక్కడ సన్నని క్రోమియం కార్బైడ్లు (క్రోమియం, కార్బన్ కలిసిన కణాలు) ఏర్పడి, వాటి చుట్టూ తుప్పును ఆపే క్రోమియం తగ్గి తుప్పు మొదలవుతుంది. దెబ్బను తట్టుకునే శక్తి కూడా పడిపోతుంది. గట్టిదనం పరీక్షలో అంకె మాత్రం బాగానే వస్తుంది, అందుకే లోపం తనిఖీలో దొరకదు.

ఈ ఉక్కు వేడిని నెమ్మదిగా గుంజుకుంటుంది. కాబట్టి ముందు 780 దగ్గర లోపలిదాకా సమంగా వేడెక్కనివ్వాలి. తర్వాత 1000–1040కి తీసుకెళ్లి నూనెలో ముంచాలి. పలుచని బ్లేడుకు గాలి చాలు. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారగానే 150–200 దగ్గర రెండు గంటలు టెంపర్ చేయాలి. రేపటికి వాయిదా వేస్తే పగుళ్లు రావచ్చు. కార్బన్ 0.3 శాతం దాటితే 50 రాక్‌వెల్ సి (గట్టిదనం కొలమానం) తేలిగ్గా అందుతుంది.

గట్టిదనం రాలేదని ఫర్నేస్ వేడి ఇంకా పెంచేవాళ్లున్నారు. అది తరచూ తలకిందుల వైద్యం. అతిగా వేడెక్కితే ఉక్కులోని రేణువులు పెరిగి, ఆస్టెనైట్ (వేడిలో ఏర్పడే మెత్తని ఉక్కు రూపం) మారకుండా మిగిలి, గట్టిదనం ఇంకా తగ్గుతుంది.

410 రకం స్టెయిన్‌లెస్‌తో చేసే పంపు షాఫ్టుల లెక్క వేరు. వాటికి పదును కన్నా దృఢత్వం ముఖ్యం, కనుక 600 పైన టెంపర్ చేస్తారు.