రెండో రక్తపరీక్ష దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు నొప్పితో మొదలుకాదు. కాళ్లకు నీరు దిగి, అన్నం సయించక, ఆయాసపడుతూ మనిషి ఆస్పత్రికి చేరేసరికే మూత్రపిండాలు చాలావరకు చెడిపోయి ఉంటాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇది తెలియని ఇల్లు ఉండదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరైంది, సంతోషం. అయితే డయాలసిస్ అవసరం పడకుండా కాచుకోవాల్సింది ఊళ్లోకి వచ్చే 104 సంచార వైద్య బండి దగ్గరే.

2020 జులై 1న ఆంధ్రప్రదేశ్‌లో 104, 108 వాహనాలు కలిపి 1,088 ఒక్కరోజే రోడ్డెక్కాయి. బండ్లు కావాలి, నిజమే. మేం అడుగుతున్నది మాత్రం మరో లెక్క. మొదటి రక్తపరీక్షలో కిడ్నీ తేడా కనిపించినవారిలో ఎంతమందికి మూడు నెలల తర్వాత రెండోసారి రక్తం తీశారు?

కిడ్నీల వడపోత శక్తి, అంటే ఈజీఎఫ్ఆర్, 60 కంటే తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే అది దీర్ఘకాలిక జబ్బు. ముందురోజంతా నీళ్లు తాగకుండా ఎండలో పనిచేసినా, ఒళ్లునొప్పులకు మాత్రలు మింగినా రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి పంపేయాల్సిన వ్యర్థం, పెరగవచ్చు. ఈజీఎఫ్ఆర్ లెక్కకట్టేది దీన్నిబట్టే. కాబట్టి ఒక్క పరీక్షతో జబ్బుందని భయపెట్టకూడదు, తర్వాత చూద్దామని వదిలేయనూ కూడదు.

మూత్రంలో ముంచే పట్టీ చౌక, తేలిక. కానీ ఉద్దానం జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రోటీన్ స్వల్పంగానే పోతుంది, కొందరిలో పోనే పోదు. పట్టీ రంగు మారలేదని పంపేస్తే జబ్బు మనిషితోనే ఇంటికి వెళ్తుంది. ఇక్కడ రక్తం తీయక తప్పదు. తీసిన రక్తాన్ని జెల్ ట్యూబులో అరగంట నిలువుగా ఉంచి గడ్డకట్టనివ్వాలి. రెండు గంటల్లోపు బండి ఆపి, చదునైన చోట సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరుచేయాలి. ఆ తర్వాత ఐస్ పెట్టెలో ల్యాబుకు పంపాలి. గతుకుల దారిలో ట్యూబులను కుదుపుతూ సాయంత్రం దాకా తిప్పితే రక్తకణాలు చితికి నమూనా పాడవుతుంది. ఆ మనిషిని మళ్లీ పిలిచి మళ్లీ సూది గుచ్చాలి. ఈసారి చాలామంది రారు.

ఫలితం రాయడంలోనూ పొరపాటు జరుగుతుంది. క్రియాటినిన్ 1.2 అయితే పాతికేళ్ల మగవాడికి ఈజీఎఫ్ఆర్ 86 దాకా వస్తుంది. అదే 1.2 యాభై ఐదేళ్ల ఆడమనిషికి 53 మాత్రమే. కార్డు మీద ఒట్టి 1.2 చూసి ‘నార్మల్’ అంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. అందుకే వయసు, ఆడా మగా చూసి లెక్కకట్టిన అంకెను కూడా కార్డులో తప్పక రాయాలి.

బీపీకి అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తున ఆన్చి, రెండుసార్లు చూడాలి. లైన్లో నిలబడి వచ్చినవారికి, రవిక చేతి మీదే పట్టీ చుట్టి చూస్తే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు. నోటి పరీక్షలోనూ తొందర కూడదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. ఇలా చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునేవారికి క్యాన్సర్ ముప్పు ముందుగా అంగిట్లోనే. బుగ్గలు, నాలుక చూసి ముగించకూడదు. తల వెనక్కి వాల్చి, టార్చి వేసి అంగిలి మొత్తం చూడాలి. ఇది నిమిషం పని.

అసలు అడ్డంకి వేళ దగ్గరుంది. పొద్దెక్కాక బండి వస్తే పరీక్ష ఎక్కువ అవసరమైనవారు అప్పటికే జీడి, కొబ్బరి తోటల్లో ఉంటారు. ఒక పూట కూలి పోగొట్టుకుని, నొప్పి లేని జబ్బు కోసం ఎవరు ఆగుతారు? నెలలో కొన్ని రోజులైనా బండి ఉదయం ఆరింటికే రావాలి. పరగడుపున షుగర్ కూడా చూడొచ్చు. సిబ్బందికి ఆ మేరకు పనివేళలు మార్చి, అదనపు భత్యం ఇవ్వాలి. రెండో పరీక్ష తేదీని మొదటిరోజే కార్డు మీద రాసి, ఆ పేర్ల జాబితా ఆశా కార్యకర్తకు అందించాలి. తేదీ దాటినా రానివారి ఇంటికి వారంలోపు ఏఎన్ఎం వెళ్లాలి.